ఊకె ఉరికితే తప్పేంది?

"ఏందక్కా, షుగరొచ్చిందా?"

జడ్చర్లలో తెల్లవారుజామున రోడ్డు మీద వడివడిగా నడిచే నడివయసు స్త్రీకి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. నడక పరుగైతే ప్రశ్న మారుతుంది. "ఏమైందక్కా, ఎవరికన్నా పానం బాగలేదా?" అని పాలపాకెట్లు వేసే ఒకాయన బండి ఆపి మరీ నన్ను అడిగాడు. ఆయన మాటలో వెటకారం లేదు, నిజమైన ఆందోళనే ఉంది. నలభై నాలుగేళ్ల ఆడమనిషి చీకట్లో పరుగెడుతున్నదంటే ఆయన ఎరిగిన లోకంలో రెండే కారణాలు. ఇంట్లో ఆపద, లేదా వెనక తరుముతున్న మగవాడు.

వయసులో ఉన్న పిల్లయితే ఇంకో ప్రశ్న. "పోలీస్ సెలక్షన్లకా బిడ్డా?" అవునంటే తృప్తిపడి దారి ఇస్తారు. కాదంటే మాత్రం ముఖం అదోలా పెడతారు. కారణం చెప్పకుండా పరుగెత్తే స్త్రీకి మన ఊళ్లలో ఇంకా చోటు లేదు. ఈ వ్యాసం ఆ చోటు గురించి.

పరుగు కొత్తగా మొదలుపెట్టేవారికి ఆదివారం అనుబంధాల్లో సలహాలకు కొదవలేదు. మంచి బూట్లు కొనుక్కోండి, పొద్దున్నే లేవండి, దగ్గరలోని పార్కుకు వెళ్లండి, వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. సలహాలు తప్పు కాదు. కానీ వాటి వెనక ఎన్ని వసతులున్నాయో చూడండి. చేతిలో డబ్బు, పొయ్యి ముట్టించనవసరం లేని తెల్లవారుజాము, ఒక పార్కు, ఆ పార్కు దాకా భయం లేని దారి. ఇవన్నీ ముందే ఉన్న మనిషిని ఊహించుకుని రాసిన సలహాలవి. ఆ మనిషి మగవాడు, అందులోనూ నెల జీతం ఉన్నవాడు. అతనికి పరుగు బూట్లతో మొదలవుతుంది. మనకు ఇంటి గడప దాటడంతో మొదలవుతుంది.

సాకు లేనిదే గడప దాటరాదు

"తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు" అని సామెత. మన సమాజం స్త్రీలను పూర్తిగా ఇంట్లో కూర్చోబెట్టిందనడం నిజం కాదు. పాలమూరు స్త్రీల విషయంలో అసలే కాదు. నాగార్జునసాగర్ మొదలు ఎన్నో ఆనకట్టల కింద 'పాలమూరు లేబర్' పేరుతో మట్టి తట్టలు మోసింది ఈ జిల్లా స్త్రీలే. నీళ్లకు, కట్టెలకు, కూలికి, కంపెనీ షిఫ్టుకు, దవాఖానకు, దేవుడికి, అంతటికీ వెళ్తారు. ఎంత దూరమైనా నడుస్తారు. ఎవరూ ఆపరు. షరతు ఒక్కటే. ఆ కదలిక ఇంకెవరికో ఉపయోగపడాలి.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అప్పటి నుంచి టీ కొట్ల దగ్గర వినబడుతున్న హాస్యాలు గుర్తు చేసుకోండి. "పనిలేకున్నా తిరుగుతున్రు." ఎగతాళి టిక్కెట్టు డబ్బుల గురించి కాదు, 'పనిలేకున్నా' అన్న మాటలో ఉంది. ముంబయి నగరం మీద పరిశోధించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం తెచ్చారు. బయట కనబడిన ప్రతిసారీ స్త్రీ తనకొక పని ఉన్నట్టు రుజువు చేసుకోవాల్సి వస్తుందని, పని లేకుండా బయట ఉండగలగడమే పౌరసత్వానికి గీటురాయి అని వారి వాదన. ముంబయి రైలు స్టేషన్ల గురించి చెప్పిన ఆ మాట మన బాదేపల్లి సెంటరుకూ వర్తిస్తుంది. పని లేకుండా నిలబడడమే ఇంత కష్టమైతే, పని లేకుండా పరుగెత్తడం సంగతి చెప్పాలా?

ఎనిమిది వందల మీటర్లు

2022లో వచ్చిన పోలీసు నియామకాల నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణలో కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు పోటీపడే స్త్రీలు 800 మీటర్ల దూరాన్ని 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. మగవాళ్లకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. పరుగులో నెగ్గితేనే లాంగ్‌జంప్, షాట్‌పుట్. స్త్రీలకు పెట్టిన లెక్క గంటకు 9 కిలోమీటర్ల వేగం. ఆరోగ్యంగా ఉన్న పిల్ల కొన్ని వారాల సాధనతో అందుకోగల వేగమే.

ఆ ఏడాది మా వైపు ఊళ్లలో జరిగినది ఏ ఉద్యమమూ చేయలేని పని. జాతీయ రహదారి పక్కన సర్వీసు రోడ్ల మీద, కాలేజీ గ్రౌండుల్లో, చెరువు కట్టల మీద పొద్దున ఐదింటికే ఆడపిల్లలు పరుగుకు వచ్చారు. కూలి తల్లుల పిల్లలు, తండాల పిల్లలు, బురఖాలో గ్రౌండు దాకా వచ్చి దాన్ని మడిచి గోడ మీద పెట్టి ఉరికిన పిల్లలు. చాలామందికి బూట్లు లేవు. కొందరు అన్నల బూట్లు తొడుక్కుని ముందర గుడ్డలు కుక్కుకున్నారు. స్పోర్ట్స్ బ్రా అనే వస్తువు ఉంటుందని తెలియక ఒకదాని మీద ఒకటి రెండు తొడుక్కుని ఊపిరాడక ఇబ్బంది పడ్డారు. ఇంటి నుంచి గ్రౌండు దాకా తండ్రి బండి మీద దింపిన పిల్లలూ ఉన్నారు. "నౌకరికి ఉరుకుతున్నరు" అని ఊరు దారి ఇచ్చింది.

నేను పరుగు నేర్చుకున్నది ఆ పిల్లల దగ్గరే. కూలి స్త్రీల ఆరోగ్యం మీద పని చేయడానికి వచ్చి, మోకాళ్ల నొప్పులతో, ఆయాసంతో, వాళ్ల వెనక సగం రౌండు ఉరికి ఆగిపోయేదాన్ని. అందులో ఒక పిల్ల నాకు గురువు. "మేడం, ఒక్కపారే ఉరకకుండ్రి. జెర ఉరుకుండ్రి, జెర నడువుండ్రి" అని చెప్పింది. ఆ పిల్ల 800 మీటర్లను నాలుగున్నర నిమిషాల్లో దాటేసేది. పరుగు, జంపు, గుండు అన్నీ నెగ్గింది. 2023లో తుది రాత పరీక్షలో కొద్ది మార్కుల్లో పోయింది.

మర్నాటి నుంచి గ్రౌండుకు రాలేదు. నాలుగు రోజులు చూసి ఇంటికి వెళ్లాను. తల్లి చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఇంకేం ఉరుకుడమ్మా, నౌకరి రాకపాయె. ఊకె ఉరికితే నలుగురు ఏమనుకుంటరు?" ఆ పిల్ల తలుపు పక్కన నిలబడి వింటూ ఉంది. ఏమీ అనలేదు. ఆ ఏడాది చివర పెళ్లి చేశారు.

తల్లిని తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. కూతురికి దొరికిన ఆ ఏడాది కాలం కూడా ఆమె తెగించి ఇచ్చిందే. కానీ ఆలోచించండి. ఒక పిల్ల తన శరీరానికి ఎంత బలముందో మొదటిసారి తెలుసుకుంది. ఊపిరి ఎట్లా పట్టాలో, నొప్పిని ఎట్లా ఓర్చుకోవాలో, తనను తాను ఎట్లా గెలవాలో నేర్చుకుంది. ఒక రాత పరీక్ష ఫలితంతో అదంతా చెల్లకుండా పోయింది. ఆ పరుగు ఆ పిల్లది కాదని, సర్కారు నౌకరి కోసం ఇచ్చిన అప్పు అని అప్పుడు తేలింది. అప్పు తిరిగి తీసేసుకున్నారు.

పతకం కూడా ఒక సాకే

800 మీటర్లు స్త్రీలకు అచ్చిరాని దూరం అని ఒకప్పుడు ప్రపంచాన్నే నమ్మించారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారి స్త్రీలకు ఆ పందెం పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. పందెం ముగిశాక కొందరు అలసి కూలబడ్డారు. పందెం ముగిసిన మగవాళ్లూ అలాగే కూలబడతారు. కానీ పత్రికలు గోరంతలు కొండంతలు చేసి స్త్రీల శరీరం దీనికి తట్టుకోదని రాశాయి. పందెం ఎత్తేశారు. మళ్లీ 1960 రోమ్ ఒలింపిక్స్ దాకా, అంటే 32 ఏళ్లు, స్త్రీలకు 800 మీటర్లు లేదు. 1967లో బోస్టన్ మారథాన్‌లో పరుగెడుతున్న కాథరిన్ స్విట్జర్‌ను నిర్వాహకుడొకడు దారిలోనే పట్టుకుని లాగబోయాడు. ఆ మారథాన్ అధికారికంగా స్త్రీలను అనుమతించింది 1972లో. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ వచ్చింది 1984లో. పరుగెడితే గర్భసంచి జారుతుందని, పిల్లలు పుట్టరని అప్పటిదాకా భయపెడుతూ వచ్చారు. బరువులు మోసే కూలి స్త్రీల గర్భసంచి గురించి మాత్రం ఏ పెద్దమనిషీ బెంగపడలేదు.

పరుగెత్తి గెలిచినా పరీక్ష ఆగదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో అదే 800 మీటర్లలో రజతం గెలిచిన తమిళనాడు దళిత యువతి శాంతి సౌందరరాజన్‌కు 'నువ్వు ఆడదానివేనా' అనే పరీక్ష పెట్టి పతకం లాక్కున్నారు.

మన దగ్గర గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి కూలి కుటుంబంలో, మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. ఆ పిల్లను అనాథాశ్రమంలో వేయమని చుట్టుపక్కలవాళ్లు సలహా ఇచ్చారని తల్లిదండ్రులే చెప్పారు. ఆమె 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు సృష్టించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. వీరిని చూసి గర్వపడదాం. అయితే ఒక్క మాట. పతకం వచ్చాక పూలదండ వేసే ఊరు, పతకం రాని వేలమంది పిల్లల పరుగును ఏం చేస్తున్నది? పతకం అనేది నౌకరి కంటే పెద్ద సాకు, అంతే. పతకమూ రాని, నౌకరీ రాని, షుగరూ లేని మామూలు స్త్రీ సంగతి నేను అడుగుతున్నాను.

'ఏమన్నా అయితే ఎవరు జిమ్మేదారి?'

మొదటి అభ్యంతరం భద్రత. ఒక గ్రౌండు కాపలాదారు నన్ను గేటు దగ్గరే ఆపి, "ఆడోళ్లకు ఈడేం పని మేడం, ఏమన్నా అయితే ఎవరు జిమ్మేదారి?" అన్నాడు. ఆ సమయంలో లోపల ముప్ఫై మంది మగవాళ్లు క్రికెట్ ఆడుతున్నారు. ప్రమాదం మాకు వాళ్ల నుంచే ఉందనుకుంటే లోపల ఉండాల్సింది ఎవరు, బయట ఉండాల్సింది ఎవరు?

ఈ వాదన ఎక్కడిదాకా పోతుందో మనకు తెలుసు. 2019 నవంబరులో ఇదే 44వ నంబరు రహదారి మీద, శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వద్ద కాల్చేశారు. అప్పుడు ప్రభుత్వం నుంచి వచ్చిన మాటల్లో ఒకటి, ఆర్టీసీలో స్త్రీలకు రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీ వేయవద్దని. రోడ్డును బాగుచేయడం కంటే రోడ్డు మీది స్త్రీని ఇంటికి పంపడం సులువనిపించింది. డిసెంబర్ 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే జనం పూలు చల్లారు. పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ పూలు, ఆ తూటాలు కలిసి ఈ దారి మీద ఒక్క దీపం వెలిగించలేదు. ఒక్క మరుగుదొడ్డి కట్టించలేదు. స్త్రీలు కనబడని రోడ్డు స్త్రీలకు ప్రమాదకరంగానే ఉంటుంది. పదిమంది స్త్రీలు పరుగెత్తే రోడ్డు మీద పదకొండో స్త్రీకి భయం తగ్గుతుంది. ఇది 2022లో ఆ పిల్లలతో పరుగెత్తిన నా అనుభవం.

'కూలి స్త్రీకి పరుగెందుకు?'

రెండో అభ్యంతరం మనవాళ్లదే. సంఘాల మీటింగుల్లో చాలాసార్లు విన్నాను. రోజంతా నాట్లు వేసి, పత్తి ఏరి, బరువులు మోసి వచ్చే స్త్రీకి వ్యాయామం కావాలా? ఇది పట్నం ఆడవాళ్ల సరదా కాదా?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. రక్తం లేని శరీరాన్ని పరుగెత్తమనడం అన్యాయమే. తిండి, ఐరన్ మాత్ర, విశ్రాంతి లేకుండా పరుగు గురించి మాట్లాడితే అది ఇంకో చాకిరీ అవుతుంది. కానీ ఇందులోంచి వచ్చే ముగింపు ఏమిటి? తిండి కోసం పోరాడదామనా, లేక ఈమెకు ఆట అక్కర్లేదనా? మనం రెండోదానికి చాలా త్వరగా వచ్చేస్తున్నాం.

కూలి పని శరీరాన్ని అరగదీస్తుంది. ఎంతసేపు వంగాలో మేస్త్రీ చెబుతాడు, ఎప్పుడు ఆగాలో పొలం చెబుతుంది. పరుగులో ఎప్పుడు ఆగాలో ఆమే నిర్ణయించుకుంటుంది. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. ఆ పనిలో చేయి పెట్టే మగవాళ్లు వెచ్చించేది 97 నిమిషాలు. పరుగుకు కావాల్సిన అరగంట ఆ తేడాలోంచే రావాలి. అందుకే ఇది సరదా విషయం కాదు, శ్రమ విభజన విషయం. శ్రామిక స్త్రీకి పని మాత్రమే తగును, ఆట తగదు అన్నది దొరల మాట. ఆ మాట మన నోటి నుంచి రాకూడదు.

మన సంస్థలు చేసేది కూడా చూసుకుందాం. మార్చి 8 వస్తే 'టూకే రన్'. టీషర్టులు, బెలూన్లు, జెండా ఊపే అధికారి, ఫోటోలు. మార్చి 9న ఆ రోడ్డు మీద ఒక్క స్త్రీ ఉండదు.

అడగాల్సినవి, చేయాల్సినవి

ఇది దయ అడగడం కాదు. ప్రభుత్వ నిధులతో నడిచే, లేదా ప్రజల కోసం ఉద్దేశించిన బావులు, చెరువులు, రోడ్లు, బహిరంగ స్థలాల వాడకంలో లింగం, కులం, మతం పేరుతో ఎవరినీ అడ్డగించరాదని రాజ్యాంగం 15(2) అధికరణం చెబుతోంది. మనం ఈ అధికరణాన్ని దళితుల నీళ్ల కోసం ఎత్తిచూపాం, మంచిదే. గ్రౌండుకూ అది వర్తిస్తుంది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షల నిర్మూలన ఒప్పందాన్ని భారతదేశం 1993లో ధ్రువీకరించింది. దాని 10, 13 అధికరణాలు క్రీడల్లో, వినోదంలో సమాన హక్కును చెబుతాయి. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు తలపెట్టింది. నేను చూసిన ఊళ్లలో చాలాచోట్ల బోర్డు ఉంది, చుట్టూ తుమ్మచెట్లున్నాయి. ఆ బోర్డున్న ప్రతి చోటా మన సంఘం వెళ్లి అడగాలి: దీపాలేవి? నీళ్లున్న మరుగుదొడ్డేది? పొద్దున, సాయంత్రం స్త్రీలకు కేటాయించిన గంట ఏది? హైస్కూళ్లలో ఆడపిల్లల ఆటల పీరియడ్‌ను లెక్కల క్లాసుకు ఎందుకిస్తున్నారు?

ఇక మొదలుపెట్టేవారికి, నా గురువు చెప్పినదే చెబుతాను. ఒక్కరే వెళ్లకండి, ముగ్గురు నలుగురు కలవండి. మొదటి రెండు వారాలు వేగంగా నడవండి. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అట్లా ఏడెనిమిది సార్లు. పరుగెడుతూ పక్కామెతో మాట్లాడగలగాలి. మాట రాకపోతే వేగం ఎక్కువైనట్టే. వారానికి మూడు రోజులు చాలు, మధ్య రోజు విశ్రాంతి. నెలన్నర, రెండు నెలల్లో ఆగకుండా పది నిమిషాలు ఉరకగలుగుతారు. బూట్లు లేకపోతే మెత్తటి మట్టి నేల వెతుక్కోండి, తారు రోడ్డు వద్దు. ముందుగా ప్రభుత్వ దవాఖానలో రక్తం, బీపీ చూపించుకోండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి. బహిష్టు రోజుల్లో ఓపిక ఉంటే పరుగెత్తవచ్చు, తప్పేమీ లేదు. పిల్లల ఆపరేషన్ అయిందని జీవితాంతం భయపడనవసరం లేదు. గర్భసంచి తీసేసినవాళ్లు పూర్తిగా కోలుకున్నాక డాక్టరునడిగి మొదలుపెట్టండి. కాన్పుల తర్వాత పరుగులో మూత్రం చుక్కలు పడడం చాలామందికి ఉంటుంది. సిగ్గుపడి మానేయకండి, కటి కండరాల వ్యాయామాలతో అది చాలావరకు తగ్గుతుంది. ఈ మాట మీటింగుల్లో గట్టిగా చెప్పండి. ఎంతమంది తలలూపుతారో చూడండి.

పోయిన సంక్రాంతికి ఆ పిల్ల పుట్టింటికి వచ్చింది, చంకలో బిడ్డతో. గ్రౌండు గోడ దగ్గర నిలబడి మేం పరుగెత్తడం చూస్తూ ఉంది. రమ్మని పిలిచాను. "ఇప్పుడెందుకు మేడం?" అంది. బిడ్డను ఎత్తుకుంటాను, ఒక్క రౌండు ఉరికి రమ్మన్నాను. అటూ ఇటూ చూసింది. చెప్పులు విడిచి, చున్నీ నడుముకు కట్టుకుంది. నాలుగు వందల మీటర్లు ఉరికి వచ్చి, రొప్పుతూ, నవ్వుతూ బిడ్డను తీసుకుంది. అప్పుడే అటుగా పోతున్న ఒక పెద్దాయన ఆగి అడిగాడు, "ఎందుకురికినవ్ బిడ్డా?"

"ఊకెనే" అంది.

ప్రతి ఊరి గ్రౌండులో, ప్రతి స్త్రీ ఈ ఒక్క మాట భయం లేకుండా చెప్పగలగాలి. అందుకోసం వచ్చే మార్చి 8 దాకా ఆగనవసరం లేదు. రేపు పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టవచ్చు.